వైఫై కార్డు డ్రైవర్లలో పవర్ సేవింగ్: ఏది మాట వింటుంది, ఏది వినదు

సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా పేజీ తెరుచుకోవడానికి తటపటాయిస్తుంది. వీడియో కాల్‌లో మాట తెగుతుంది. మూత తెరిచాక ఒక్కోసారి వైఫై కార్డే కనిపించదు. ఈ మూడింటికీ అందరూ చెప్పే మందు ఒక్కటే: డివైస్ మేనేజర్‌లో "అలౌ ద కంప్యూటర్ టు టర్న్ ఆఫ్ దిస్ డివైస్ టు సేవ్ పవర్" దగ్గర టిక్కు తీసెయ్యండి. ఆ టిక్కు మూడో జబ్బుకు పనికొస్తుంది. మొదటి రెండింటికీ దానికీ దాదాపు సంబంధం లేదు. టిక్కు తీసి, తేడా ఏమీ కనిపించక, రూటర్ మార్చేసేవాళ్లు ఎందరో.

వైఫై కార్డు ఒకే రకంగా పడుకోదు, నాలుగు రకాలుగా పడుకుంటుంది. ఒక్కోదాన్ని ఆపే స్విచ్ ఒక్కో చోట ఉంటుంది. అందుకే ఈ సమీక్షలో డ్రైవర్లను వేగంతో కొలవలేదు. నాలుగు నిద్రలనూ విడివిడిగా ఆపనిస్తుందా, ఆపమన్నాక నిజంగా ఆగిందో లేదో చూపిస్తుందా అన్న రెండు ప్రశ్నలతోనే చూశాం.

మొదటిది రేడియో కునుకు. పని లేనప్పుడు కార్డు పవర్ మేనేజ్‌మెంట్ బిట్‌ను 1గా పెట్టి ఒక ఖాళీ ఫ్రేమ్‌ను రూటర్‌కు పంపుతుంది. అంటే "కునుకు తీస్తున్నా, నాకొచ్చేవి దాచిపెట్టు" అని చెప్పినట్టు. రూటర్ ఆ ప్యాకెట్లను తన దగ్గర ఆపి, బీకన్‌లోని (రూటర్ తానున్నానని పదేపదే పంపే సంకేతంలోని) టిమ్ అనే పట్టీలో ఈ కార్డుకు సరుకుందని గుర్తు పెడుతుంది. బీకన్ మామూలుగా 100 టైమ్ యూనిట్లకు ఒకసారి వస్తుంది. ఒక యూనిట్ 1024 మైక్రోసెకన్లు కాబట్టి, అది 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి అన్నమాట. కార్డు బీకన్ వేళకు లేచి పట్టీ చూసుకుని, ఉంటే అడిగి తీసుకుంటుంది. కొన్ని కార్డులు ప్రతి బీకన్‌కూ లేవవు, రెండు మూడింటికి ఒకసారి లేస్తాయి. అప్పుడు ఆలస్యం 200, 300 మిల్లీసెకన్లకు పోతుంది. వీడియో కాల్‌లో మాట తెగడం, ఎస్ఎస్‌హెచ్‌లో (దూరపు కంప్యూటర్‌ను ఆజ్ఞలతో నడిపే పద్ధతిలో) కొట్టిన అక్షరం ఆగి ఆగి రావడం చాలాసార్లు దీని పనే.

రెండోది లింకు నిద్ర. కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్య ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకు పని లేనప్పుడు ఎల్0ఎస్, ఎల్1, ఎల్1 సబ్‌స్టేట్లలోకి దిగుతుంది. దీన్నే ఏఎస్‌పీఎం అంటారు. యూఎస్‌బీ డాంగిల్ అయితే ఆటోసస్పెండ్. ఇది సరిగ్గా కుదరని చోట వచ్చే చిక్కు పెద్దది: కార్డు ఉన్నట్టుండి సిస్టమ్‌లోంచే మాయమవుతుంది, లేదా మొత్తం యంత్రం ఒక క్షణం బిగుసుకుపోతుంది.

మూడోది కార్డు మొత్తం డీ3 స్థితికి వెళ్లడం. కరెంటు తగ్గించేస్తారు, లేచాక ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్) మళ్లీ కుదురుకోవాలి. పైన చెప్పిన టిక్కు దీనిదే.

నాలుగోది ఎక్కువమంది పట్టించుకోనిది: ఎస్ఎంపీఎస్. రెండు యాంటెన్నాల కార్డు ఒకదాన్ని వినకుండా ఆపి ఉంచుతుంది. డైనమిక్‌లో అవసరమైనప్పుడు రెండోదాన్ని లేపుతుంది, స్టాటిక్‌లో ఒక్కదానితోనే సరిపెడుతుంది. కనెక్షన్ తెగదు, ఆలస్యం పెద్దగా కనబడదు, కానీ డౌన్‌లోడ్ వేగం సగానికి పడిపోతుంది. దూరపు గదిలో ఇంకా ఎక్కువ తెలుస్తుంది.

ఏ నిద్ర వేధిస్తోందో తేల్చుకోకుండా సెట్టింగ్ ముట్టుకోకండి. పింగ్‌తో (చిన్న ప్యాకెట్ పంపి, జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచే ఆజ్ఞతో) తేలుతుంది, కానీ చాలామంది దాన్ని తలకిందులుగా చేస్తారు. ల్యాప్‌టాప్ నుంచి రూటర్‌కు పింగ్ చేస్తే రేడియో కునుకు దాదాపుగా దాక్కుంటుంది. ఎందుకంటే ప్యాకెట్ పంపడానికి కార్డు లేస్తుంది, జవాబు రెండు మూడు మిల్లీసెకన్లలో వచ్చేస్తుంది, అప్పటికింకా మెలకువగానే ఉంటుంది. పింగ్ బయటి నుంచి లోపలికి రావాలి. రూటర్‌కు కేబుల్‌తో కలిపిన కంప్యూటర్ నుంచి ల్యాప్‌టాప్ ఐపీకి సెకనుకు ఒకటి చొప్పున ఒక నిమిషం పంపండి. ఫోన్ నుంచి చేయొద్దు, ఫోన్ కూడా కునికేదే, ఎవరి ఆలస్యమో తేలదు. విండోస్ ఫైర్‌వాల్ బయటి పింగ్‌ను అడ్డుకుంటుంది కాబట్టి, ఇన్‌బౌండ్ రూల్స్‌లో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ కింద ఉన్న ఐసీఎంపీవీ4 ఎకో రిక్వెస్ట్ నియమాన్ని ముందుగా ఎనేబుల్ చేసుకోవాలి.

కునుకు లేని కార్డు, రద్దీ లేని ఛానెల్‌లో, దాదాపు అన్ని జవాబులనూ 10 మిల్లీసెకన్ల లోపే ఇస్తుంది. కునుకుంటే 4, 87, 31, 102, 66 అన్నట్టు అంకెలు చెల్లాచెదురుగా పడతాయి. పింగ్ బీకన్‌కు ముందు ఎంత దూరంలో వచ్చి పడిందన్నదే ఆ అంకె. ఇప్పుడు పింగ్ మధ్య విరామాన్ని సెకను నుంచి సెకనులో ఇరవయ్యో వంతుకు తగ్గించండి. అంకెలు ఒక్కసారిగా చిన్నవైపోతే సందేహం తీరినట్టే, కార్డుకు కునికే సందు దొరకలేదు. విరామం తగ్గించినా అలాగే ఉంటే దోషం కునుకుది కాదు, ఛానెల్ రద్దీదో సిగ్నల్‌దో. డ్రైవర్ జోలికి వెళ్లక్కర్లేదు.

విండోస్‌లో ఏం దొరుకుతుంది?

రేడియో కునుకు స్విచ్ పవర్ ఆప్షన్స్‌లో, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో, వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్ కింద ఉంటుంది. మ్యాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్, లో, మీడియం, మ్యాగ్జిమమ్ పవర్ సేవింగ్ అని నాలుగు మెట్లు. బ్యాలెన్స్‌డ్ ప్లాన్‌లో సాధారణంగా ఛార్జర్ మీద మ్యాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్, బ్యాటరీ మీద మీడియం ఉంటాయి. ఛార్జర్ పెడితే బాగుండి, పీకగానే కాల్ తెగుతుంటే ముందు చూడాల్సింది ఇక్కడే. మోడర్న్ స్టాండ్‌బై (పూర్తిగా నిద్రపోకుండా ఫోన్‌లా కునికే పద్ధతి) ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ వరస తరచూ దాగి ఉంటుంది, పవర్‌సీఎఫ్‌జీ ఆజ్ఞతో బయటికి తెచ్చుకోవాలి. అవే యంత్రాల్లో డివైస్ మేనేజర్‌లోని పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ కూడా కనిపించకపోవచ్చు. అది డ్రైవర్ పాడైపోయిన గుర్తు కాదు, అక్కడ ఆ నిద్రను నడిపేది వేరే యంత్రాంగం. మీది ఏ రకమో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ చెబుతుంది: ఎస్0 లో పవర్ ఐడిల్ అని వస్తే మోడర్న్ స్టాండ్‌బై.

లింకు నిద్ర అదే పవర్ ఆప్షన్స్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది. మోడరేట్ అంటే ఎల్0ఎస్ వరకు, మ్యాగ్జిమమ్ అంటే ఎల్1 వరకు. ఇది ఒక్క వైఫై కార్డుకే కాదు, ఎస్ఎస్‌డీతో సహా అన్నిటికీ వర్తిస్తుంది. ఆపేస్తే బ్యాటరీకి పడే దెబ్బ వైఫై కునుకు ఆపినదానికంటే ఎక్కువ కావొచ్చు. కార్డు మాయమవుతున్న యంత్రంలో తప్ప దీన్ని ముట్టుకోమని చెప్పం. విండోస్ ఇచ్చిన స్విచ్చుల్లో మాకు బొత్తిగా నచ్చనిది ఇదే. ఒక పరికరం కోసం అన్నిటినీ మేల్కొలపాల్సి వస్తోంది.

ఇంటెల్ డ్రైవర్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్ మాత్రం మెచ్చుకోదగ్గది. మిమో పవర్ సేవ్ మోడ్ కింద ఆటో, డైనమిక్, స్టాటిక్, నో ఎస్ఎంపీఎస్ అని నాలుగూ విడిగా ఇస్తారు. వేగం సగానికి పడిందనిపిస్తే నో ఎస్ఎంపీఎస్ పెట్టి, వేగం మళ్లీ కొలిచి చూడండి. తేడా లేకపోతే ఆటోకే తిప్పెయ్యండి. యూ-ఏపీఎస్‌డీ (రేడియో కునుకులోనే ఇంకో పద్ధతి) సపోర్ట్ డిజేబుల్డ్‌గా ఉంటే అలాగే ఉండనివ్వండి. ప్యాకెట్ కోలెసింగ్ అనేది మల్టీకాస్ట్, బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లను ఒక గుంపుగా పోగేసి ఇస్తుంది. ప్రింటరో, టీవీకి కాస్ట్ చేసే గుర్తో ఒకసారి కనపడి ఒకసారి కనపడకపోతుంటే దాన్ని ఆపి చూడడం మంచిది. ట్రాన్స్‌మిట్ పవర్‌ను 5 దగ్గర, హయ్యెస్ట్‌లోనే ఉంచండి. బ్యాటరీ ఆదా అని తగ్గిస్తే ప్యాకెట్లు మళ్లీ మళ్లీ పంపాల్సి వచ్చి ఆ ఆదా కాస్తా పోతుంది.

మిగతా కంపెనీల విండోస్ డ్రైవర్లలో ఈ ట్యాబ్ చిప్‌ను బట్టీ, ల్యాప్‌టాప్ తయారీదారును బట్టీ మారుతుంది. ఒకే చిప్‌కు ఒకచోట పది వరసలు, ఇంకోచోట మూడు. విండోస్ అప్‌డేట్ డ్రైవర్‌ను మార్చినప్పుడు ఈ విలువలు మొదటికి రావచ్చు కాబట్టి, మార్చినవాటి స్క్రీన్‌షాట్ ఒకటి దాచుకోండి. తెగిన వేళలు తెలుసుకోవాలంటే అడ్మినిస్ట్రేటర్‌గా నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో డబ్ల్యూలాన్‌రిపోర్ట్ నడపండి. గత మూడు రోజుల కనెక్షన్ల చిట్టా ఒక హెచ్‌టీఎంఎల్ పేజీగా వస్తుంది. తెగిన ప్రతిసారీ దానికి ముందు యంత్రం నిద్రకు వెళ్లిందా లేదా అన్నది అందులో కళ్లకు కడుతుంది.

లైనక్స్‌లో స్విచ్చులు ఎక్కువ, అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకోవడం కూడా ఎక్కువే. ప్రస్తుత స్థితిని ఐడబ్ల్యూ పనిముట్టు ఒక్క ఆజ్ఞతో చెబుతుంది: ఐడబ్ల్యూ డెవ్, ఇంటర్‌ఫేస్ పేరు, గెట్ పవర్ సేవ్. గెట్ బదులు సెట్ అని, చివర ఆఫ్ అని చేరిస్తే ఆగుతుంది. (ఇక్కడా, కింద చెప్పే మాడ్యూల్ ప్యారామీటర్లలోనూ, విడివిడి మాటల మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది.) అయితే ఇలా ఆపింది నిలవదు, రీబూట్‌తోనో మళ్లీ కనెక్ట్ అయినప్పుడో తిరిగొస్తుంది. ఉబుంటులో నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డర్లో, కాన్ఫ్.డి కింద, డిఫాల్ట్-వైఫై-పవర్‌సేవ్-ఆన్ అనే ఫైలు ఉంటుంది. అందులో వైఫై.పవర్‌సేవ్ విలువ 3, అంటే ఆన్. దాన్ని 2 చేసి నెట్‌వర్క్‌మేనేజర్‌ను రీస్టార్ట్ చేస్తే శాశ్వతంగా ఆగుతుంది. 1 అంటే ఉన్నదాన్ని ముట్టుకోవద్దని, 0 అంటే డిఫాల్ట్‌కు వదిలెయ్యమని. 0 పెడితే ఆగిపోతుందనుకోవడం తరచూ జరిగే పొరపాటు. ఇంత చేసినా ఛార్జర్ పీకగానే కునుకు మొదలైతే టీఎల్‌పీ అనే బ్యాటరీ ఆదా పనిముట్టు ఉందేమో చూడండి. బ్యాటరీ మీద వైఫై పవర్ సేవింగ్ ఆన్ చేయడం దాని డిఫాల్ట్, మిగతావాళ్ల మాటను అది తోసిపుచ్చుతుంది.

ఇక డ్రైవర్లు. ఇంటెల్ ఐడబ్ల్యూఎల్‌వైఫై ఈ పనిలో అన్నిటికంటే తేటగా ఉంది, కానీ ఒక ఉచ్చు ఉంది. పాత సలహాలన్నీ ఐడబ్ల్యూఎల్‌వైఫై మాడ్యూల్లోని (లైనక్స్ మూల భాగమైన కెర్నెల్‌కు తగిలించే డ్రైవర్ ముక్కలోని) పవర్ సేవ్ ప్యారామీటర్ గురించి చెబుతాయి. అది పాత డీవీఎం కార్డుల నాటిది. 7260 నుంచి వచ్చిన ఎంవీఎం కార్డుల్లో నిర్ణయం ఐడబ్ల్యూఎల్‌ఎంవీఎం మాడ్యూల్లోని పవర్ స్కీమ్‌ది: 1 అంటే ఎప్పుడూ మెలకువ, 2 అంటే మధ్యస్తం, 3 అంటే గట్టి ఆదా. డిఫాల్ట్ 2. మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్లో ఒక ఫైలు పెట్టి 1 చేసి, మాడ్యూల్‌ను దించి ఎక్కించండి లేదా రీబూట్ చేయండి. ఆ మార్పు పట్టిందో లేదో సిస్ ఫోల్డర్ కింద ఆ మాడ్యూల్ ప్యారామీటర్స్ ఫోల్డర్లో చదివి చూసుకోవచ్చు, అందుకే దీనికి పైచేయి. యూఏపీఎస్‌డీ డిజేబుల్ విలువ ముందే 3గా, అంటే పూర్తిగా ఆపి ఉంటుంది. దాన్ని మార్చాల్సిన పని లేదు, కొన్ని రూటర్లతో పొసగదనే అలా పెట్టారు.

క్వాల్‌కామ్ అథెరోస్ పాత ఏటీహెచ్9కె కార్డుల్లో పీఎస్ ఎనేబుల్ విలువ డిఫాల్ట్‌గా 0, అంటే కునుకే లేదు. బ్యాటరీ కొంచెం ఎక్కువ తాగుతుంది, కానీ పింగ్ గీత గీసినట్టుంటుంది. ఇంట్లో ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే పాత యంత్రానికి ఈ కార్డు ఇప్పటికీ మంచి పెట్టుబడి.

రియల్‌టెక్ దగ్గర కాస్త ఓపిక కావాలి. ఆర్‌టీడబ్ల్యూ88 డ్రైవర్ 8822బీఈ, 8822సీఈ, 8821సీఈ చిప్‌లను నడుపుతుంది. ఇక్కడ ఐడబ్ల్యూతో కునుకు ఆపినంత మాత్రాన కథ ముగియదు, దాని అడుగున ఫర్మ్‌వేర్‌ది లోతు నిద్ర ఒకటుంది. డీమెసేజ్ ఆజ్ఞతో తీసిన కెర్నెల్ లాగ్‌లో "ఫర్మ్‌వేర్ ఫెయిల్డ్ టు లీవ్ ఎల్‌పీఎస్ స్టేట్", "ఫెయిల్డ్ టు సెండ్ హెచ్2సీ కమాండ్" అనే వరసలు కుప్పలుగా కనిపిస్తే దాని పనే. కార్డును లేవమంటే లేవలేదని మొదటిదాని అర్థం, చెప్పిన మాట ఫర్మ్‌వేర్ అందుకోలేదని రెండోదాని అర్థం. కోర్ మాడ్యూల్‌కు డిజేబుల్ ఎల్‌పీఎస్ డీప్, పీసీఐ మాడ్యూల్‌కు డిజేబుల్ ఏఎస్‌పీఎం అని రెండు ప్యారామీటర్లున్నాయి. రెండూ ఒకేసారి పెట్టొద్దు. ముందు మొదటిది పెట్టి ఒక రోజు వాడండి, లాగ్ శుభ్రపడితే రెండోదాని అవసరం లేదు. పాత కెర్నెళ్లలో ఈ మాడ్యూళ్ల పేర్లు వేరు, అందుకని ఎక్కడో చూసిన వరసను అలాగే అతికించకుండా ఎల్ఎస్‌మాడ్, మోడిన్ఫోలతో మీ యంత్రంలో పేరేమిటో చూసుకోండి. పేరు తప్పైతే తప్పని ఎవరూ చెప్పరు, మార్పు పట్టదంతే. 8821సీఈకైతే ప్యాకెట్లు అందుకునే వేళ ఏఎస్‌పీఎంను తాత్కాలికంగా ఆపే సవరణ డ్రైవర్లోనే చేర్చారు, కాబట్టి ఆ చిప్ ఉన్నవాళ్లు ప్యారామీటర్లకంటే ముందు కెర్నెల్‌ను కొత్తది చేసుకోవడం మేలు. వైఫై 6 చిప్‌ల ఆర్‌టీడబ్ల్యూ89 ఒక అడుగు ముందుంది: ఎల్1కూ, దాని సబ్‌స్టేట్లకూ, క్లాక్ రిక్వెస్ట్‌కూ వేర్వేరు స్విచ్చులిచ్చారు. ఇంకా పాత 8723బీఈకి ఐపీఎస్, ఎఫ్‌డబ్ల్యూఎల్‌పీఎస్ రెండూ 0 చేయాలి. కానీ ఆ కార్డున్న చాలా యంత్రాల్లో అసలు బాధ ఒక్కటే యాంటెన్నా ఉండి అది తప్పు వైపుకు కలిపి ఉండడం. సిగ్నలే నీరసంగా ఉంటే ముందు యాంట్ సెల్ విలువ 1, 2 మార్చి చూడండి, పవర్ సేవింగ్ తర్వాత.

మీడియాటెక్ ఎంటీ7921, ఎంటీ7922 కార్డులు ఏఎమ్‌డీ ల్యాప్‌టాప్‌లలో ఆర్‌జెడ్608, ఆర్‌జెడ్616 పేర్లతో కూడా వస్తాయి. వేగంలో వంక పెట్టలేం. నిద్ర లేచాక "డ్రైవర్ ఓన్ ఫెయిల్డ్" అని లాగ్‌లో పడి వైఫై పోతే, ఎంటీ7921ఈ మాడ్యూల్‌కు డిజేబుల్ ఏఎస్‌పీఎం 1 పెట్టండి. డీబగ్ ఫైల్‌సిస్టమ్‌లో ఎంటీ76 కింద రన్‌టైమ్-పీఎమ్, డీప్-స్లీప్ అనే రెండు ఫైళ్లుంటాయి. వాటికి 0 రాసి అప్పటికప్పుడు, రీబూట్ లేకుండా పరీక్షించుకోవచ్చు. ఇది నిజంగా మంచి పని.

డ్రైవర్లో ఏఎస్‌పీఎం స్విచ్ లేకపోతే చాలామంది కెర్నెల్‌కు పీసీఐఈ ఏఎస్‌పీఎం=ఆఫ్ ఇస్తారు. దాని అర్థం ఏఎస్‌పీఎంను కెర్నెల్ ముట్టుకోదని మాత్రమే. బయాస్ ముందే ఆన్ చేసి ఉంటే అది ఆన్‌లోనే ఉండిపోతుంది. నిజంగా ఆపాలంటే పాలసీని పెర్ఫార్మెన్స్ చేయాలి. ఒక్క కార్డుకే ఆపాలంటే సిస్ కింద ఆ పీసీఐ పరికరం లింక్ ఫోల్డర్లో ఎల్1 ఏఎస్‌పీఎం ఫైలుకు 0 రాయండి. విండోస్‌లో లేని వెసులుబాటు ఇది.

రాస్‌బెర్రీ పైలో బ్రాడ్‌కామ్ చిప్‌కు బీఆర్‌సీఎంఎఫ్ఎంఏసీ డ్రైవర్. రేడియో కునుకు మొదటి నుంచీ ఆన్. స్క్రీన్ లేకుండా సర్వర్‌లా వాడేవాళ్లకు ఇది సరైన డిఫాల్ట్ కాదు, ప్లగ్గులో ఉండే యంత్రానికి కునుకెందుకు? ఐడబ్ల్యూతోనో నెట్‌వర్క్‌మేనేజర్‌తోనో ఆపేస్తే చాలు.

యూఎస్‌బీ డాంగిళ్లకు రెండు తాళాలు తియ్యాలి. లైనక్స్‌లో ఆటోసస్పెండ్ గడువు మామూలుగా 2 సెకన్లు. ఆ పరికరం పవర్ ఫోల్డర్లో కంట్రోల్ ఫైలుకు ఆన్ అని రాస్తే అది ఆగుతుంది. ఇక్కడ ఆన్ అంటే పరికరం ఎప్పుడూ ఆన్ అని, ఆదా ఆన్ అని కాదు. ఆ తర్వాత డ్రైవర్ కునుకు. కెర్నెల్ బయటి నుంచి తెచ్చి వేసుకున్న రియల్‌టెక్ డ్రైవర్లలో ఆర్‌టీడబ్ల్యూ పవర్ ఎంజీఎన్‌టీ, ఆర్‌టీడబ్ల్యూ ఐపీఎస్ మోడ్ రెండూ 0 చేయాలి. పవర్‌టాప్ అనే కరెంటు ఆదా పనిముట్టులో ఆటో-ట్యూన్ నడిపితే మొదటి తాళం మళ్లీ పడుతుంది.

రూటర్ వైపు ఒక్క మాట. ఒక్క ఫోన్ కునికినా చాలు, రూటర్ బ్రాడ్‌కాస్ట్, మల్టీకాస్ట్ ప్యాకెట్లను అందరికీ డీటిమ్ బీకన్ దాకా ఆపుతుంది. డీటిమ్ 3 ఉంటే, అంటే అది మూడు బీకన్లకు ఒకసారి వస్తుంటే, ఆ వేచి ఉండడం 307 మిల్లీసెకన్ల దాకా పోతుంది. ల్యాప్‌టాప్‌లో అన్నీ ఆపినా ప్రింటర్ దొరకడం ఆలస్యమవుతుంటే డీటిమ్‌ను 1 చేసి చూడండి. బీకన్ విరామాన్ని మాత్రం 100 నుంచి కదపకండి.

కునుకు ఆపితే బ్యాటరీకి ఎంత పోతుంది? మెలకువగా ఊరికే వింటూ ఉండే కార్డుకు కొన్ని వందల మిల్లీవాట్లు, కునికేదానికి కొన్ని పదులు. తేడా అర వాటు అనుకుందాం. 50 వాట్-అవర్ బ్యాటరీతో సగటున 6 వాట్లు వాడే ల్యాప్‌టాప్ 8 గంటల 20 నిమిషాలు నడుస్తుంది. అదే 6.5 వాట్లైతే 7 గంటల 40 నిమిషాలు. కాల్స్‌తో బతికేవాళ్లకు ఆ 40 నిమిషాలు బేరమే. రోజంతా ప్రయాణంలో ఉండేవాళ్లకు కాదు. వాళ్లు ఛార్జర్ మీద మాత్రమే ఆపి, బ్యాటరీ మీద ఉంచుకోవచ్చు. విండోస్ ప్లాన్, టీఎల్‌పీ రెండూ అలా విడిగా పెట్టుకోనిస్తాయి.

ఏం చేసినా కుదరని కార్డును మార్చడమే నయం. అదేమీ పెద్ద ఖర్చు, పెద్ద పని కాదు. కాకపోతే కొనేముందు మూడు చూసుకోండి. ఇంటెల్ ఏఎక్స్201, ఏఎక్స్211 అనేవి సీఎన్‌వీఐ కార్డులు, వాటిలో సగం పని ప్రాసెసర్ వైపు జరుగుతుంది. అవి దానికి తగిన ఇంటెల్ ప్లాట్‌ఫామ్‌లోనే నడుస్తాయి, ఏఎమ్‌డీ ల్యాప్‌టాప్‌లో పెడితే కనిపించనే కనిపించవు. ఏఎక్స్200, ఏఎక్స్210 మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్‌వి. స్లాట్ ఎం.2 2230 సైజు, ఏ లేదా ఈ కీ అయ్యుండాలి. ఆ కార్డు మీది బ్లూటూత్ స్లాట్‌లోని యూఎస్‌బీ తీగల మీద నడుస్తుంది కాబట్టి, అవి కలపని బోర్డులో వైఫై వస్తుంది, బ్లూటూత్ రాదు. యాంటెన్నా కనెక్టర్ ఎంహెచ్ఎఫ్4. పాత హాఫ్ మినీ కార్డుల యూ.ఎఫ్ఎల్ కంటే చిన్నది, నొక్కేముందు నిటారుగా కూర్చుందో లేదో చూసుకోవాలి. వంకరగా నొక్కితే కార్డు మీది చిన్న వలయం నలిగిపోతుంది, ఆ తర్వాత ఒక్క యాంటెన్నాతోనే నడిచే కార్డు మిగులుతుంది.